జుసెప్పె పెనోనె శిల్పాల్లో దూలం లోపల కనిపించే చిన్న చెట్టు నిజమైనదేనా?

నిజమైనదే, అది అదే చెట్టు చిన్న వయసులో ఉన్నప్పటి రూపం, బయటినుంచి తెచ్చి అమర్చింది కాదు.

చెట్టు ఏటా బెరడు కింద ఒక కొత్త పొర వేసుకుంటుంది. పాత పొరలు ఎక్కడికీ పోవు, లోపలే ఉంటాయి. కొమ్మల మొదళ్లు కూడా అంతే. కాండం లావెక్కేకొద్దీ అవి కలపలో మునిగిపోతాయి. కోసిన దూలం మీద మనకు కనిపించే ముడులు అవే. ఇటలీకి చెందిన పెనోనె (జననం 1947) అడితిలో కోసిన దూలాన్ని తీసుకుని, ఆ ఏటేటా పొరల్లో ఒకదాన్ని, అంటే ఒక వలయాన్ని, ఎంచుకుంటాడు. దాని బయట ఉన్న కలపనంతా ఉలితో ఓపిగ్గా తీసేస్తాడు. ముడి తగిలిన ప్రతిచోటా దాన్ని అలాగే వదిలేసి చుట్టూ ఉన్న కలపను తొలుస్తాడు, అక్కడ కొమ్మ బయటికొస్తుంది.

లండన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉన్న ‘12 మీటర్ల చెట్టు’ (1980–82) చూడండి. లార్చ్ అనే సూదాకుల చెట్టు దూలంలోంచి తొలిచిన సన్నని చెట్టు అది. మొదలు దగ్గర కొంత భాగాన్ని మాత్రం చెక్కకుండా దూలంగానే ఉంచాడు. నా దృష్టిలో ఆ శిల్పానికి ప్రాణం అక్కడే: సరుకుగా కోసిన దూలం, చెట్టు రెండూ ఒకే కలపలో కనిపిస్తాయి.

చాలామంది ఇది కళాకారుడు ఊహించి చెక్కిన చెట్టు బొమ్మ అనుకుంటారు. కానీ కొమ్మ ఎక్కడుండాలో, ఎటు వంగాలో అతను నిర్ణయించడు. ఏ వయసు దగ్గర ఆగాలన్నది మాత్రమే అతని చేతిలో ఉంటుంది, మిగతాది ఆ చెట్టు ఎప్పుడో పెరిగిన తీరు.