టేపు కింద ఎయిర్‌బ్యాగ్ లైటు.. కారు అమ్మినోడిపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది నర్సంపేట. నాలుగు నెలల కింద హన్మకొండలో ఒక కార్ల కన్సల్టెన్సీ దగ్గర 2012లో తయారైన హోండా సిటీ రూ.3.10 లక్షలకు కొన్నాను. ఆర్‌సీ ఇంకా నా పేరు మీదికి మారలేదు. మొన్న ఆటోనగర్‌లో మెకానిక్ మీటర్ బోర్డు విప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు మీద నల్ల టేపు అంటించి ఉంది. ఈ మోడల్‌కు కంపెనీ రీకాల్ కూడా ఉందట. కన్సల్టెన్సీ అతన్ని అడిగితే ‘చూసుకునే తీసుకున్నవ్ కదా, ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెట్టినవ్’ అంటున్నాడు. డబ్బులు వాపస్ వస్తాయా?

జవాబు: రీకాల్‌ను, టేపును మీరు ఒకే గాటన కట్టారు. మొదటిది కంపెనీ చేయాల్సిన పని, రెండోది అమ్మినోడి మోసం.

ముందు రీకాల్ సంగతి. 2012లో తయారైన 41,580 కార్లను హోండా 2017 జనవరిలో వెనక్కి పిలిచింది. అందులో సిటీ కూడా ఉంది. కారణం, బ్యాగును ఉబ్బించే టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోతుంది. అప్పుడు బ్యాగు విచ్చుకుంటే లోపలి డబ్బా పగిలి లోహపు ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పెండింగ్ ఉంటే పార్టు ఉచితంగా మారుస్తారు, ఓనర్లు ఎంతమంది మారినా ఫరక్ పడదు. ప్రభుత్వం ఆదేశించే రీకాల్‌కు ఏడేళ్ల వయసు పరిమితి ఉంది గానీ, ఇది కంపెనీ తనంతట తాను చేసింది. పని అయ్యేదాకా బండి తిప్పకండి. రీకాల్ పెండింగ్ ఉన్న సంగతి కన్సల్టెన్సీకి తెలుసని రుజువు చేయడం కష్టం, దాని మీద మాత్రమే కేసు కడితే బలం ఉండదు.

టేపు అలా కాదు. తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్‌లో లోపం ఉన్నట్టు. కనిపించకుండా మూసేశారంటే ఎవరో కావాలని చేసిన పనే. కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలిసిన లోపాన్ని దాచిపెట్టడం మోసం. మామూలుగా చూస్తే తెలిసే లోపం గురించి అమ్మినోడు ఊరకున్నాడంటే కొన్నవాళ్లకు దారి మూసుకుపోవచ్చు. కానీ ఇక్కడ ఊరకుండటం కాదు, మూసిపెట్టడం. ‘ఉన్నది ఉన్నట్టు’ కాగితం టైర్ల అరుగుదలకు పనికొస్తుందేమో గానీ, దీనికి కాదు. ‘టేపు పాత ఓనర్ వేసింది, నేను కమీషన్ తీసుకున్నానంతే’ అంటాడు, ఖాయం. చూడకుండా అమ్మినా, కమీషన్ తీసుకుని చేసేది కూడా సేవే, అందులో లోపానికి జవాబు చెప్పాలి.

టేపు పీకేయకండి. మెకానిక్ విప్పుతుండగా వీడియో తీయండి, అధీకృత సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద లైటుకు టేపు ఉందన్న మాట రాయించుకోండి. ఫోన్‌పే చెల్లింపులు, ‘ఎయిర్‌బ్యాగులు ఓకే’ లాంటి వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే దాచండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే వేయొచ్చు, గడువు రెండేళ్లు, రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వొచ్చు గానీ, ‘సివిల్ మ్యాటర్, కోర్టుకు పో’ అంటారని తెలిసే వెళ్లండి.

నాలుగు నెలలు తిప్పిన బండికి పూర్తి సొమ్ము వాపస్ రావడం నాకైతే అనుమానమే. రిపేరు ఖర్చు, పరిహారం, కేసు ఖర్చుల వరకు ఆశ పెట్టుకోవచ్చు.

ఆర్‌సీ మార్పిడికి మాత్రం వెంటనే దరఖాస్తు పెట్టండి, కొన్నవాళ్లు 30 రోజుల్లో చేయాల్సిన పని అది. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చుకోండి. లేదంటే రేపు బండికి దెబ్బ తగిలితే సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర ఇంకో తగాదా మొదలవుతుంది.