కన్సల్టెంట్ అవుతానంటున్న మా అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది పొదిలి. మా అమ్మాయి బీఎస్సీ, బీఈడీ చేసి ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతోంది. డీఎస్సీకి చదవమంటే వినడం లేదు. వైకల్యమున్న పిల్లల్ని అందరితో కలిపి ఎలా చదివించాలో స్కూళ్లకు చెప్పే కన్సల్టెంట్ అవుతానని, ఎప్పటికైనా ప్రిన్సిపాల్ కావాలని అంటోంది. ఇది నమ్ముకోదగ్గ దారేనా?

జవాబు: నమ్ముకోదగ్గదే. కాకపోతే కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకుని మొదలుపెట్టే పని కాదు.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. స్కూలు గుమ్మం అడుగున్నర ఎత్తు. యాజమాన్యం ఐదడుగుల ర్యాంపు కట్టించి ఊరుకుంటుంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లాడు దాన్ని సొంతంగా ఎక్కలేడు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, అంటే ఇక్కడ పద్దెనిమిది. స్థలం చాలకపోతే మలుపు తిప్పి కట్టించాలి. ఇది తేలికైన భాగం. క్లాసులో చూపు తక్కువున్న పాప పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటుంటే ‘బాగానే రాస్తోందిగా’ అనుకుంటారు. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి, పెద్దక్షరాల ప్రింటు ముందురోజే ఇవ్వండి అని ఇరవై ఏళ్ల సర్వీసున్న మాస్టారికి నొచ్చుకోకుండా చెప్పగలగాలి. తాను అలాంటి పిల్లలకు పాఠం చెప్పి ఉంటేనే ఆ మాట చెల్లుతుంది.

అందుకే ముందు స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేయించండి. మామూలు బీఈడీ దీనికి చాలదు. చేరేముందు ఆ కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. కోర్సు అయ్యాక ఆ కౌన్సిల్‌లో పేరు నమోదై సీఆర్ఆర్ నంబరు రావాలి. అది లేనిదే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయకూడదు.

అవసరం మాత్రం నిజం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సీబీఎస్ఈ తన స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలంటోంది. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున టీచర్లుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ సంగతి వేరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్ కుర్చీ స్కూల్ అసిస్టెంటుగా చేరి, ప్రమోషన్ మీద అందుకోవాల్సింది. దాని మీద ఆశ ఉంటే డీఎస్సీని వదలొద్దని నా మాటగా చెప్పండి. ప్రైవేటులోనైతే పీజీ, అనుభవం చూస్తారు. ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో విద్యా నిర్వహణ పీజీ డిప్లొమా చేయొచ్చు.

కన్సల్టెన్సీ ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. కొన్నేళ్లు జీతం మీదే ఉండనివ్వండి, పెళ్లి తొందరలో ఈ చదువు ఆపించకండి.

ఫీజు కట్టేముందు వైకల్యమున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో మీ ఎంఈవో ఆఫీసులో కనుక్కుని, సెలవుల్లో నాలుగు రోజులు అక్కడి పిల్లలతో గడిపి రమ్మనండి. నెల్లూరులో సీఆర్సీ అనే వికలాంగుల పునరావాస కేంద్రం ఉంది, అది సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యమున్నవారి జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద నడుస్తుంది. అక్కడికి మీరూ తోడు వెళ్లండి.