కల్లు ఒక్కసారిగా మాన్పించారా? ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల దగ్గర పల్లెటూరు. మా తమ్ముని భార్యకు ఆరో నెల. ఆమెకు పెళ్లికి ముందు నుంచే రోజూ కల్లు అలవాటు. మొన్నటి నుంచి పూర్తిగా బంద్ చేయించి, గదిలో ఉంచి గడియ పెట్టాం. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, ఏదేదో మాట్లాడుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందా? డీ-అడిక్షన్ సెంటర్‌లో మేమే సంతకం పెట్టి చేర్పించవచ్చా?

జవాబు: అమ్మా, కేసు సంగతి తర్వాత. ఈ జవాబు చూసేసరికి ఆమె ఆస్పత్రిలో ఉండాలి. లేకపోతే ఇప్పుడే 108కి ఫోన్ చేయండి. ఆ గడియ తీయండి. లోపల ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?

మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారని అందరికీ తెలిసిందే. అలవాటైన ఒంటికి ఆ మత్తు ఉన్నట్టుండి అందకపోతే మీరు రాసిన లక్షణాలే వస్తాయి, ఫిట్స్ దాకా పోవచ్చు. తల్లికి ఫిట్స్ వస్తే బిడ్డకూ ప్రమాదమే. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ఆస్పత్రి, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఇలాంటి వాళ్లతోనే నిండిపోయాయి. పైగా ఆరో నెలలో బీపీ పెరిగినా ఫిట్స్ వస్తాయి, దాని చికిత్స వేరు. చూడకుండా ఏదని చెప్పలేను.

మెడికల్ షాపులో నిద్ర గోలీ అడిగి వేయకండి. ఊళ్లో ఆర్‌ఎంపీతో సూది వేయించి చూద్దామని ఆగొద్దు. మళ్లీ ఒక సీసా తాగిస్తే కుదుటపడుతుందనీ అనుకోవద్దు, అందులో ఏ మందు ఎంత ఉందో అమ్మినవాడికే తెలియదు. మత్తుమందును రోజురోజుకూ కొలత తగ్గిస్తూ మాన్పించాలి. అది డాక్టరు చేతిలో, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో జరగాలి. ఇంట్లో పంతం పట్టి చేసే పని కాదు. బాగా చదువుకున్న ఇళ్లలోనూ రోజులు గడిచాకే తీసుకొస్తున్నారు, అదే నా బాధ.

ఇక చట్టం. చికిత్సకు వచ్చినందుకు ఆమెను నేరస్తురాలిగా చూడరు. తనంతట తాను చికిత్సకు ఒప్పుకున్న బాధితులకు మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆమె వివరాలు గోప్యంగా ఉంచాలి. ఒంటరిగా బంధించడం కుదరదు. చేర్పించడానికి ముందు ఆమె ఒప్పుకోవాలి, మీ సంతకం దానికి బదులు కాదు. తనకు తెలివి నిలకడగా లేనప్పుడు చట్టం చెప్పిన పద్ధతి వేరే ఉంది, అది అక్కడి డాక్టర్లు చూసుకుంటారు. మీ కేసులో ఇది ఎలా వర్తిస్తుందో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, మహిళలకు ఉచితమే.

బీపీ చూసిన కార్డు, స్కానింగ్ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. కాన్పు ఎక్కడైనా సరే, ఈ అలవాటు సంగతి పిల్లల డాక్టరుకు ముందే చెప్పండి. పుట్టిన బిడ్డ మత్తుగా ఉండి పాలు పట్టకపోవచ్చు, లేదా వణుకుతూ ఆగకుండా ఏడవవచ్చు.