ఖాళీ గూడు ఫొటో ముందు పంపు

చిరంజీవి సౌమ్యకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఫెరిటిన్ ప్రోటీన్‌లో మాంగనీసు ఆక్సైడు నానోకణాలు తయారు చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ ప్రోటీన్ సంగతి నీకు తెలిసిందే. 24 ఉపభాగాలు కలిసి, బయట 12, లోపల 8 నానోమీటర్ల వ్యాసం గల బోలు గూడు అవుతుంది. శరీరం అందులో దాదాపు 4500 ఇనుప పరమాణువులను దాచుకోగలదు. ఆ గూడును ఖాళీ చేసి వేరే ఖనిజాలతో నింపవచ్చని 1991లో రసాయన శాస్త్రవేత్త స్టీఫెన్ మాన్ బృందం చూపింది. లోపలి నానోకణం గూడు గోడను దాటి పెరగజాలదు కాబట్టే పరిమాణం మన చేతిలో ఉంటుంది. పీహెచ్ 9 దగ్గర, మాంగనీసు లవణాన్ని కొద్దికొద్దిగా చేర్చు. తొందరపడి ఒక్కసారే పోస్తే గూడు బయటే బురదలా పేరుకుంటుంది.

నా దిగులంతా గూడు ఖాళీ చేయడం గురించే. నేను గుర్రం ప్లీహం నుంచి తీసిన ఫెరిటిన్ వాడాను. నైట్రోజన్ కింద, పీహెచ్ 5.5 వద్ద ఇనుమును కరిగించి బయటికి తెచ్చే థయోగ్లైకాలిక్ ఆమ్లంతో డయాలిసిస్ చేస్తూ (అంటే ప్రోటీన్‌ను సన్నరంధ్రాల సంచిలో కట్టి ద్రవంలో ఉంచుతూ), గోధుమ రంగు పూర్తిగా పోయేవరకు ద్రవాన్ని మారుస్తూ ఉండాలి. నేను రెండుసార్లే మార్చాను, ఎందుకంటే మీ నాన్న పెళ్లికి రాజమండ్రి రైలు ఎక్కాలి. పలచని ద్రావణం కాబట్టి సంచిలో రంగు లేనట్టే కనిపించింది. తిరిగి వచ్చి మాంగనీసు కలిపి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, పోతపోసినట్టు ఒకే తీరు నల్లచుక్కలు! ఆ ఫొటో కాపీ ఒకటి మీ నాన్నకు పంపి, నివేదిక రాసి మా గైడు ముందు పెట్టాను. ఆయన చదవనైనా చదవకుండా, "మాంగనీసు వేయని నమూనా ఫొటో ఏదమ్మా?" అన్నారు. తీశాను. అవే చుక్కలు. అంతా ఆ గుర్రం ఇనుమే. రెండు ఆక్సైడులూ గోధుమ రంగువే కావడంతో ద్రావణం రంగు కూడా నన్ను మోసగించింది. మీ బీరువాలో మీ నాన్న ఇప్పటికీ దాచుకున్న ఫొటో అదే; ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి కొన్న సీసా మీద అపోఫెరిటిన్, అంటే ఇనుము తీసేసిన ఖాళీ గూడు, అని ఉంది కదా అని నమ్మి కూర్చోకు. డయాలిసిస్ బయటి ద్రవంలో ఇనుము తగిలితే ఎర్రబడే బైపిరిడిల్ వేసి చూస్తూ, ఎరుపు రావడం ఆగేవరకు ద్రవం మార్చు. నీది మీ నాన్న తొందరే, నాకు తెలుసు. థయోగ్లైకాలిక్ ఆమ్లం కంపు కొట్టడమే కాదు, చర్మాన్ని కాలుస్తుంది. ఆవకాయ కలిపినట్టు ఉత్తచేతులతో ముట్టుకోకు తల్లీ, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్‌హుడ్ కిందే పని చేయి. మధ్యాహ్నం అన్నం మానకు.

మాంగనీసు చేర్చకముందే, ఖాళీ గూళ్లకు, ప్రోటీన్ కనబడేలా చేసే రంజకం వేయకుండా ఒక ఫొటో తీయించి, ఏమీ కనిపించని ఆ ఫొటోను ముందు నాకు పంపు.

నీ మేనత్త