టెక్ సందేహాలు: బండి పరదాకు సాగే చేతులు ఎందుకు వంగుతున్నాయి?

ప్రశ్న: హనుమకొండలో చిన్న ట్రాలీ మీద టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. బండి పక్కన నీడ కోసం రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న పరదా పెట్టించాను. దాన్ని మోయడానికి ఒక అంగుళం స్క్వేర్ పైపులో ముప్పావు అంగుళం పైపు జారేలా రెండు చేతులు చేయించాను. మొదటి నెల బాగానే ఉన్నాయి. ఇప్పుడు ముందు అంచు జానెడు కిందికి దిగింది, బయటి పైపు మూతి విచ్చుకుంది. మందం ఎక్కువున్న పైపు వేస్తే సరిపోతుందా?

జవాబు: మీరు పంపిన ఫొటోల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆపింది. లోపలి పైపును పూర్తిగా బయటికి తీసి నేల మీద పెట్టి తీసిన ఫొటో అది. ఆ పైపు అడుగు వైపున, మూతి తగిలే చోట రంగు పోయి ఇనుము మెరుస్తోంది. తోక చివర, అంటే ఎప్పుడూ లోపలే ఉండిపోయే కొసన మాత్రం గీతలు పై వైపున పడ్డాయి. బరువు చివరన పడినప్పుడు పైపు మూతి దగ్గర కిందికి ఒత్తుతుంది, తోక దగ్గర పైకి లేస్తుంది. మీ పైపు ఎలా బాధపడిందో ఆ రెండు గీతలే చెబుతున్నాయి. లోపం పైపు మందంలో కంటే, పూర్తిగా లాగినప్పుడు లోపల మిగిలే పైపు పొడవులో ఉంది.

మీ కొలతల ప్రకారం రెండు పైపులూ 110 సెంటీమీటర్లు. చేయి మొత్తం 210 సెంటీమీటర్లు సాగినప్పుడు లోపల మిగిలేది 10 సెంటీమీటర్లే. చివరన ఐదు కిలోల బరువు వేలాడదీశామనుకోండి. మూతికి అవతల 100 సెంటీమీటర్ల పైపు ఉంది కాబట్టి తోక దగ్గర 50 కిలోల ఒత్తిడి, మూతి అంచు మీద 55 కిలోల ఒత్తిడి పుడతాయి. అదే రెండు పైపులూ 120 సెంటీమీటర్లవి తీసుకొని, లోపల 30 సెంటీమీటర్లు ఉండిపోయేలా చేస్తే, చేయి అంతే దూరం సాగుతుంది. అదే ఐదు కిలోలకు తోక దగ్గర 15 కిలోలు, మూతి మీద 20 కిలోలు మాత్రమే పడతాయి. ఒక్కో పైపుకు పది సెంటీమీటర్లు అదనంగా కొంటే మూతి మీది భారం మూడో వంతు కంటే కాస్త ఎక్కువకు దిగివస్తుందన్నమాట. ఈ 30 సెంటీమీటర్లు ఎప్పుడూ లోపలే మిగిలేలా, అంతకు మించి పైపు బయటికి రాకుండా లోపల ఒక అడ్డు తప్పనిసరిగా వెల్డింగ్ చేయించండి. ఎర్ర రంగు గీత గీసి ఊరుకుంటే, తొందరలో ఉన్న పనివాడు దాన్ని చూడడు.

రెండో సంగతి రెండు పైపుల మధ్య సందు. 16 గేజ్ (అంటే గోడ మందం దాదాపు 1.6 మిల్లీమీటర్లు) అంగుళం పైపుకు లోపలి కొలత దాదాపు 21.8 మిల్లీమీటర్లు, అందులో 19 మిల్లీమీటర్ల పైపు పెడితే 2.8 మిల్లీమీటర్ల ఆట మిగులుతుంది. లోపల మిగిలే పది సెంటీమీటర్ల పట్టులో ఆ ఆట చివరికి వెళ్లేసరికి దాదాపు మూడు సెంటీమీటర్ల వాలుగా మారుతుంది, అదీ ఏ పైపూ వంగకముందే. మూతి దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి నైలాన్ బుష్ (సందు నింపే తొడుగు) వేయించి సందును అర మిల్లీమీటరుకు తెస్తే, 30 సెంటీమీటర్ల పట్టుతో ఆ వాలు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ ఉన్న ఏ షాపులోనైనా నైలాన్ కడ్డీ నుంచి ఈ బుష్‌లు తీసి ఇస్తారు. ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు కూడా పోతుంది.

ఇక మీరు అడిగిన మందం. మందం పెంచడం కంటే పైపు సైజు పెంచడం లాభం. ఒకే గేజ్‌లో 25 మిల్లీమీటర్ల నుంచి 38 మిల్లీమీటర్లకు వెళితే బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది కానీ, వంగకుండా నిలబడే గుణం మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అల్యూమినియం అడుగుతారేమో: అదే కొలతలో అది ఇనుములో మూడో వంతు బరువు, గట్టిదనమూ సుమారు మూడో వంతే. కాబట్టి పెద్ద సైజు తీసుకుంటేనే దానితో ప్రయోజనం.

పైపును ఆపే పిన్ను రంధ్రాలు మీ బండికి పైనా కిందా వేశారు. అవి పక్క గోడల్లో, సరిగ్గా మధ్య ఎత్తులో ఉండాలి. వంగేటప్పుడు పైపు పై ముఖం సాగుతుంది, కింది ముఖం నలుగుతుంది. ఆ రెండు చోట్ల రంధ్రం పెడితే బలమున్న చోటే కోత పడుతుంది.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది గాలి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు సాయంత్రాలు గాలిదుమారం ఎలా లేస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు ఆరు కిలోల ఒత్తిడి తెస్తుంది, మీ ఐదు చదరపు మీటర్ల పరదాకు అది దాదాపు 30 కిలోలు. వేగం రెట్టింపై 72కు చేరితే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది: 120 కిలోలు, అదీ పైకి ఎత్తేలా. అందులో సగం బండి మోసినా, ముందు అంచు రెండు మూలల్లో ఒక్కోచోట 30 కిలోలు పైకి లాగుతాయి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ కట్టి నిశ్చింతగా ఉండే అలవాటు చాలామందికి ఉంది. అది 20 కిలోలే. అందుకే చేతులు ఎంత బాగా చేయించినా, చివరన కిందికి దిగే కాళ్లు, వాటి పాదాలకు మేకులు, తాళ్లు ఉండాలి. కాళ్లు జనానికి అడ్డొస్తాయని మీరు వద్దనుకున్నారు, మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కాళ్లు దించని పూట, మబ్బు కమ్మగానే పరదా చుట్టేయడం తప్ప మరో దారి లేదు. ఇడ్లీ ప్లేటు పట్టుకొని దాని కింద నిలబడేది మనుషులు.

వాన నీరు జారిపోయేలా పరదా ముందు అంచును 35 సెంటీమీటర్లు దించి, ఒక మూలను ఇంకాస్త కిందికి పెట్టండి. గుడ్డ గుంటపడిన చోట ఒక చదరపు మీటరులో ఒక్క సెంటీమీటరు నీరు నిలిచినా పది కిలోలు. చేతుల బ్రాకెట్లను బండి రేకుకు కాకుండా లోపలి ఫ్రేముకు బోల్టులతో బిగించండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి అమరిక అంతా విప్పేయగలిగేలా ఉంచుకొని, పని మొదలుపెట్టేముందు ఆర్టీఏ కార్యాలయంలో ఒకసారి అడగండి.

ప్రశ్న: వరంగల్‌లో డిప్లొమా చదువుతున్నాను. ఇలాంటి సాగే చేతిని గీయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

జవాబు: ఫ్రీక్యాడ్ తీసుకోండమ్మా. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి భాగాలను కలిపి కదిలించి చూసే అసెంబ్లీ విభాగం కూడా అందులోనే ఉంది. గీత గీయకముందే స్ప్రెడ్‌షీట్ విభాగం తెరిచి పైపు సైజు, గేజ్, పొడవు, లోపల మిగిలే పట్టు అనే నాలుగు గడులు రాసుకోండి, కొలతలన్నీ వాటికే ముడిపెట్టండి. పట్టును 10 నుంచి 30కి మార్చగానే బొమ్మ మొత్తం దానంతట అదే మారుతుంది. చేయిని పూర్తిగా సాగదీసి చూడటంతో ఆగకుండా పూర్తిగా మూసి కూడా చూడండి. లోపలి పైపు తోక వెనక బోల్టుకు తగలడం అప్పుడే బయటపడుతుంది. అందులో ఒత్తిడిని లెక్కించే విభాగమూ ఉంది కానీ, ఒకదానిలో ఒకటి జారే పైపులకు అది చూపే రంగులను నమ్మేముందు పై జవాబులోని లెక్కను చేత్తో వేసి సరిచూసుకోండి. చివరగా రంధ్రాల చోట్లను అసలు కొలతలోనే కాగితం మీద ముద్రించి, పైపు పక్క గోడకు అతికించి, సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టిన తరువాతే డ్రిల్లు పట్టండి.