పాత క్యామ్రీ హైబ్రిడ్ కొనాలా, కొత్త హైరైడర్ తీసుకోవాలా? రెండూ నడిపినవాడి జవాబు

మిర్యాలగూడ నుంచి మీరు అడిగింది ఇది: లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగిన 2015 నాటి టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ తెలిసినవారి దగ్గర అందుబాటు ధరకు వస్తోంది, దాన్ని తీసుకోవాలా, లేక అప్పు చేసైనా కొత్త టొయోటా హైరైడర్ హైబ్రిడ్ కొనాలా అని. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి రావాలని, నెలలో నాలుగైదుసార్లు పొలానికి వెళ్ళాలని, ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న తల్లిగారు ఉన్నారని కూడా రాశారు. నేను నల్లగొండలో విత్తనాల దుకాణం నడుపుతాను. అచ్చం మీరు చెప్పిన క్యామ్రీనే చేతులు మారిన బండిగా కొని ఆరేళ్ళు నడిపాను. రెండేళ్ళ క్రితం దాన్ని ఇచ్చేసి హైరైడర్ తీసుకున్నాను. కాబట్టి రెండింటి మంచీ చెడూ నా జేబు ద్వారానే తెలుసుకున్నాను.

మీ ప్రశ్నలో "పాతది నమ్మకమైనది, కొత్తదాని సంగతి ఎవరికి తెలుసు" అన్న మాట ఉంది. ముందు దాని గురించి చెప్పాలి. క్యామ్రీ మీద జనానికి ఉన్న నమ్మకం నిజానికి దానిలోని యంత్రాంగం మీద ఉన్న నమ్మకం. 1997లో జపాన్‌లో టొయోటా ప్రియస్ కారుతో మొదలైన ఆ ఏర్పాటులో పెట్రోలు ఇంజను, రెండు విద్యుత్ మోటార్లు ఒక ప్లానెటరీ గేర్ల అమరికకు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ఏర్పాటుకు) కలిసి ఉంటాయి. మామూలు బండిలో తరచుగా డబ్బు తినే క్లచ్చు, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటరు ఇందులో ఉండవు, ఎందుకంటే ఆ పనులన్నీ ఆ రెండు మోటార్లే చేసుకుంటాయి. హైరైడర్‌లోనూ మూలసూత్రం ఇదే. అందువల్ల ఈ రెండింటినీ పరీక్షలో నెగ్గినది, నెగ్గనిది అని విడదీయడం సరికాదు. తేడా బ్యాటరీలో, ఇంజను పరిమాణంలో, బండి ఎత్తులో ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, మీకు చూపించిన ఆ ఒక్క క్యామ్రీ ఇన్నేళ్ళు ఎవరి చేతిలో, ఎలా గడిపిందన్న దానిలో ఉంది.

క్యామ్రీలో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 244.8 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటాయి. హైరైడర్‌లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, 177.6 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. సామర్థ్యంలో హైరైడర్ బ్యాటరీ చాలా చిన్నది, ఒక కిలోవాట్ అవర్ కూడా లేదు, క్యామ్రీది దానికి దాదాపు రెట్టింపు. ఆ తేడా నాకు శ్రీశైలం వెళ్ళినప్పుడు కళ్ళకు కట్టింది. దోమలపెంట దాటి డ్యాం వైపు ఘాట్ దిగుతుంటే బ్రేకుల శక్తి విద్యుత్తుగా మారి, తెర మీద ఛార్జింగు చూపే హైరైడర్ బ్యాటరీ గీతలు కొన్ని మలుపుల్లోనే నిండిపోతాయి, ఆ తరువాత గేరును బి స్థానానికి మార్చి ఇంజను పట్టుతోనే దిగాలి. క్యామ్రీ అదే దారిలో ఇంకొంత సేపు బ్రేకుల శక్తిని దాచుకునేది. మీరు రోజూ ఘాట్లు దిగేవారు కారు కనుక దీని మీద ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

ఆలోచించవలసింది ఎండ గురించి, దుమ్ము గురించి. మే నెలలో మన జిల్లా ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. క్యామ్రీ బ్యాటరీ వెనుక సీటు వీపు వెనక ఉంటుంది, దాన్ని చల్లబరచడానికి ఒక ఫ్యాను కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. అంటే వెనుక కూర్చున్నవారికి ఏసీ గాలి అందితేనే బ్యాటరీకీ అందుతుంది, వెనుక సీటులో దుమ్ము ఉంటే అదీ దాని ఊపిరిలోకే పోతుంది. ఈ సంగతి తెలియక నేను రెండు సీజన్లపాటు పత్తి నమూనాల సంచులను వెనుక సీటులో వేసుకుని ఊళ్ళు తిరిగాను. మూడో వేసవిలో వెనుక నుంచి సన్నగా ఈలలాంటి శబ్దం మొదలైంది. దాన్ని పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం నార్కట్‌పల్లి దగ్గర హైబ్రిడ్ వ్యవస్థను తనిఖీ చేయించమన్న హెచ్చరిక తెర మీద వెలిగింది, బండి బలం తగ్గిపోయింది. విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మధ్య పత్తి నూగు, ఎర్రమట్టి కలిసి పరుపు దూదిలా ఒత్తుకుపోయి ఉంది. మెకానిక్ దాన్ని స్క్రూడ్రైవరుతో పొరలు పొరలుగా గీకి తీసి నా అరచేతిలో పెట్టాడు. శుభ్రం చేశాక హెచ్చరిక మళ్ళీ రాలేదు. అయితే ఆ వేడిలో బ్యాటరీ ఆయుష్షు ఎంత కరిగిందో కొలిచే అవకాశం లేదు, ఆ నష్టం పూర్తిగా నా అజాగ్రత్త వల్లనే. మీరు చూస్తున్న బండి పాత యజమాని నాలాంటివాడు కాడని ఎవరు చెప్పగలరు? కొత్త హైరైడర్‌కైతే హైబ్రిడ్ బ్యాటరీ మీద ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు హామీ ఉంటుంది. 2015 బండికి అలాంటి కాలం దాటిపోయింది. ఆ బండి ధరలో ఒక బ్యాటరీ ఖర్చును మనసులో కలుపుకునే బేరం ఆడండి.

మైలేజీ విషయంలో ఒక సామాన్య భ్రమ ఉంది. హైబ్రిడ్ అంటే హైవే మీద పొదుపు అనుకుంటారు, నిజానికి అది ఆగుతూ కదిలే దారిలోనే తన విద్య చూపిస్తుంది. చౌటుప్పల్ నుంచి హయత్‌నగర్ దాటి ఎల్బీ నగర్ చేరేలోపు ఎన్నిసార్లు బ్రేకు తొక్కితే అన్నిసార్లు కొంత శక్తి వెనక్కి వస్తుంది. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర ఒకసారి నలభై నిమిషాలు ఇరుక్కున్నాను. పక్క బండ్లన్నీ ఇంజన్లు ఉరుముతూ ఉంటే, క్యామ్రీ ఏసీ కూడా విద్యుత్తుతోనే నడుస్తుంది కాబట్టి చప్పుడు లేకుండా ముందుకు జరుగుతూ పోయింది. బ్యాటరీ గీతలు రెండుకు పడినప్పుడు మాత్రం ఇంజను రెండు మూడు నిమిషాలు లేచి, నింపి, మళ్ళీ పడుకుంది. నా లెక్కలో క్యామ్రీ మొత్తం మీద లీటరుకు 15 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఇచ్చేది, హైరైడర్ 21 నుంచి 23 వరకు ఇస్తోంది. కంపెనీ చెప్పే 27.97 అంకెను నేనెన్నడూ చూడలేదు, గంటకు వంద మీద నడిపితే మీరూ చూడరు.

ఇథనాల్ సంగతి కూడా తోడైంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఎక్కువగా దొరుకుతోంది. 2023 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లను దానికి తట్టుకునేలా చేస్తున్నారు. 2015 క్యామ్రీ ఆ నిబంధన కంటే ముందటిది, దాని ఇంధన గొట్టాలు, సీళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచాలి, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

ఇక సుఖం మాట. నిజాయితీగా చెప్పాలంటే క్యామ్రీ వెనుక సీటు ముందు హైరైడర్ సీటు ఏమాత్రం నిలవదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఎప్పుడు లేచిందో క్యామ్రీలో తెలిసేది కాదు, హైరైడర్‌లో ఓవర్‌టేక్ చేయబోతే ముందు మూడు సిలిండర్ల గొంతు వినబడుతుంది, తరువాత బండి కదులుతుంది. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కొంత వెలితి ఉంది. కానీ మా నాయన క్యామ్రీలోకి కూర్చోవాలంటే కిందికి కుంగాలి, దిగాలంటే తలుపు పట్టుకుని లేవాలి. హైరైడర్ సీటు ఆయన నడుము ఎత్తులో ఉంటుంది, పక్కకు జరిగి కూర్చుంటే చాలు. మీ తల్లిగారికి కూడా ఇదే నిర్ణయాత్మకం కావచ్చు, ఒకసారి ఆమెను తీసుకెళ్ళి రెండింటిలోనూ కూర్చోబెట్టి చూడండి. పొలం బాటల మీద, మన ఊళ్ళలో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద క్యామ్రీ అడుగు గీకని వారం నాకు గుర్తు లేదు. హైరైడర్‌కు ఆ బాధ లేదు, అయితే దాని డిక్కీలో కొంత చోటును బ్యాటరీ తినేసింది, రెండు పెద్ద సంచులు పడితే మూడోది ఒడిలోనే.

పన్ను తగ్గుతుందేమోనని కూడా అడిగారు. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఇస్తున్న రోడ్డు పన్ను మినహాయింపు పూర్తి విద్యుత్ వాహనాలకు, హైబ్రిడ్లకు వర్తించదు.

నా అభిప్రాయం హైరైడర్ వైపే. పొలం, తల్లిగారు, హామీ, ఈ మూడూ అటే మొగ్గుతున్నాయి. పొలం ప్రయాణం లేకుండా, హైవే మీద వెనుక సీటులో కూర్చుని పోయే మనిషైతే క్యామ్రీనే తీసుకోమనేవాడిని. అయినా మీ మనసు క్యామ్రీ మీదే ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండలో నిలిపి ఉన్న బండినే చూడటానికి వెళ్ళండి. ఏసీ వేసి అరగంట ఊళ్ళో నడిపి, వెనుక సీటులో కూర్చుని ఫ్యాను చప్పుడు వినండి. బ్యాటరీ గీతలు ఉన్నట్టుండి పడిపోవడం, ఉన్నట్టుండి నిండిపోవడం కనిపిస్తే బేరం అక్కడే ఆపండి. హైబ్రిడ్ తెలిసిన మెకానిక్‌ను స్కానరుతో వెంటబెట్టుకుని వెళ్ళి, ఇంజను లాగుతున్నప్పుడు బ్యాటరీలోని విడి భాగాల (బ్లాకుల) వోల్టేజీలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో చూపించమనండి. చివరగా ఆ ఫ్యాను విప్పించి చూడండి. యజమాని దానికి ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.