అల్ జారో సోల్ గాయకుడా, జాజ్ గాయకుడా? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నాయి. అమెరికన్ గాయకుడు అల్ జారో సోల్ (నల్లజాతివారి చర్చి పాట నుంచి పుట్టిన ఉద్వేగభరితమైన గానం) మనిషా, జాజ్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగే సంగీతం) మనిషా అన్నది మొదటిది. కర్ణాటక సంగీతం తప్ప మరొకటి పెద్దగా విననివారు ఆయన పాటల్లో దేనితో మొదలుపెట్టాలన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను: 1977లో వచ్చిన 'లుక్ టు ద రెయిన్‌బో' అనే కచేరీ ఆల్బంలోని 'టేక్ ఫైవ్'. చాలామంది 1981 నాటి 'వియ్ ఆర్ ఇన్ దిస్ లవ్ టుగెదర్' వినమంటారు. మంచి పాటే, కాదనను. కానీ దానితో మొదలుపెడితే ఈయన కూడా తీయని గొంతుతో ప్రేమపాటలు పాడేవారిలో ఒకరు అనుకుని అక్కడితో ఆగిపోతారు.

నేను చిన్నప్పుడు విజయవాడలో మృదంగం నేర్చుకున్నాను. కచేరీలు చేసేంత విద్య అబ్బలేదు గానీ, ఏ పాట చెవిన పడినా వేళ్లు తాళం వెతుక్కునే అలవాటు మాత్రం ఉండిపోయింది. ఉద్యోగరీత్యా కొంతకాలం అమెరికాలోని మిల్వాకీలో ఉన్నప్పుడు, అక్కడే పుట్టి చర్చి గాయకబృందంలో పాడుతూ పెరిగిన ఒక సహోద్యోగి కారులో ఈ పాట పెట్టి, "ఈయన మా ఊరివాడే" అన్నారు. పియానో అందుకోగానే నా వేళ్లు ఐదు లెక్కపెట్టాయి. ఐదంటే మనకు ఖండచాపు: తక తకిట, తక తకిట. ఇక్కడ నడక తిరగబడింది: తకిట తక, తకిట తక. మూడు ముందు, రెండు వెనక. అలవాటైన చోట దెబ్బ వేస్తే పాట చేతికి అందదు. దాన్ని పట్టుకునే లోపలే జారో గొంతు మొదలైంది. కాసేపు మాటలు, కాసేపు మాటలు కాని శబ్దాలు. డ్రమ్ము మీద పుల్లల చప్పుడు, బాస్ తీగ మోత, ఊపిరి వినపడే వేణువు, అన్నీ ఒకే నోటి నుంచి.

ఈ 'టేక్ ఫైవ్' ఆయన స్వరపరచింది కాదు. సాక్సఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ రచన, 1959లో జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం వాయించింది. ఆ రికార్డులో గాత్రమే లేదు. వాద్యం కోసం పుట్టిన బాణీని నోటితో పాడాలనుకోవడంలోనే ఈయన స్వభావం తెలుస్తుంది.

చాలాకాలం తర్వాత మా మృదంగం మాస్టారికి ఇది వినిపించాను. కళ్లు మూసుకుని పూర్తిగా విన్నారు. "ఏమోయ్, ఈయన లెక్క వేసుకోవడం లేదు, కానీ ఎక్కడా తప్పిపోవడం లేదు" అని, ఒకచోట మళ్లీ వెనక్కి పెట్టమన్నారు. కొన్నక్కోలుతో, అంటే మృదంగం జతులను నోటితో పలికే విద్యతో, పోలికేమిటని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. మన కొన్నక్కోలులో జతులు ముందే కుదిరి ఉంటాయి, తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు. వేగం మారినా ఆ అక్షరాల లెక్క మారదు. జారో వాడే అక్షరాలకు అలాంటి ఒప్పందం లేదు. అప్పటికప్పుడు నోటికి ఏది వస్తే అది. అందుకే ఆయన మనకు దగ్గరగా అనిపిస్తూనే మన పద్ధతికి దొరకరు. అమెరికాలో దీన్ని స్కాట్ గానం అంటారు. జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ వంటివారు ట్రంపెట్టు, సాక్సఫోన్ల పలుకును గొంతులోకి తెచ్చుకుంటే, జారో వాటితో పాటు డ్రమ్మునూ బాస్‌నూ కూడా తెచ్చుకున్నారు.

ఇక మనిషి గురించి. 1940 మార్చి 12న మిల్వాకీలో పుట్టారు. తండ్రి సెవెంత్ డే ఎడ్వెంటిస్ట్ చర్చి బోధకుడు, తల్లి చర్చిలో పియానో వాయించేవారు. చదువు మాత్రం సంగీతం కాదు. రిపన్ కాలేజీలో 1962లో మనస్తత్వశాస్త్రం డిగ్రీ, అయోవా విశ్వవిద్యాలయంలో 1964లో వృత్తి పునరావాసంలో మాస్టర్స్. శారీరక, మానసిక ఇబ్బందులున్న వారు తిరిగి పనిలో కుదురుకోవడానికి దారి చూపే వృత్తి అది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి ఆ పనే చేశారు. పగలు కౌన్సెలర్, రాత్రి హాఫ్ నోట్ అనే క్లబ్బులో గాయకుడు. అక్కడ పియానో మీద ఉన్న కుర్రవాడు జార్జ్ డ్యూక్. తర్వాతి రోజుల్లో అతనూ పేరుమోసిన సంగీతకారుడయ్యాడు.

1968లో ఉద్యోగం వదిలేసి పూర్తిగా పాటకే వచ్చేశారు. అప్పటికే గిటారిస్టు హూలియో మార్టినెజ్‌తో కలిసి పాడుతున్నారు. వాళ్లిద్దరే బృందం: ఒక గిటారు, ఒక గొంతు. డ్రమ్ములు లేవు, బాస్ లేదు. ఆ ఖాళీని నోటితో నింపవలసి వచ్చి ఆ విద్య అలా పదునెక్కిందని నాకు అనిపిస్తుంది. పెద్ద బృందంతో మొదలుపెట్టి ఉంటే ఆ అవసరమే పడేది కాదు.

వార్నర్ బ్రదర్స్ సంస్థలో మొదటి ఆల్బం 'వి గాట్ బై' 1975లో వచ్చే నాటికి ఆయన వయసు 35. ఆ రంగంలో చాలామంది ఆ వయసుకు ఒక విడత వెలిగి ఆరిపోయి ఉంటారు. మనుషుల కష్టాలు రోజూ కూర్చుని వినే ఉద్యోగం కొన్నేళ్లు చేసి రావడం ఆయనకు మేలే చేసిందని నా నమ్మకం. మొదటి ఆల్బంలో పేదరికంలో ఎలాగోలా నెట్టుకొచ్చిన కుటుంబం గురించిన పాట ఉంది. అందులో ఏడుపు లేదు, గొప్పలు లేవు. ఇరవై ఏళ్ల కుర్రవాడు అలా పాడలేడు.

అమెరికా కంటే ముందు ఆయన్ని గుండెకు హత్తుకున్నది జర్మనీ. 1976లో హాంబర్గ్‌లోని 'ఓంకెల్ పో' అనే చిన్న క్లబ్బులో పాడిన కచేరీని అక్కడి టెలివిజన్ ప్రసారం చేసింది. దాంతో ఆ దేశంలో పేరు మార్మోగిపోయింది. మరుసటి ఏడాది ఐరోపా పర్యటనలో రికార్డు చేసిందే నేను మొదట చెప్పిన కచేరీ ఆల్బం. తొలి గ్రామీ అవార్డు దానికే, అదీ జాజ్ గాత్రం విభాగంలో.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. అమెరికాలో రికార్డుల దుకాణానికి వెళితే జాజ్‌కు ఒక అర, సోల్‌కు ఒక అర, పాప్‌కు ఒకటి. రేడియో స్టేషన్లు కూడా అలాగే విడివిడిగా ఉండేవి. ఒకచోటివాళ్లు వేసే పాట మరోచోట వినపడేది కాదు. ఈ మనిషిని ఎక్కడ పెట్టాలి? 1976 నాటి 'గ్లో' చూడండి: ఎల్టన్ జాన్ పాట, జేమ్స్ టేలర్ పాట, బ్రెజిల్‌కు చెందిన జోబిమ్ బోసనోవా (సాంబా, జాజ్ కలిసిన మెత్తని బాణీ), స్లై స్టోన్ ఫంక్ (లయ ఊపు మీద నడిచే నాట్యసంగీతం), అన్నీ ఒకే ఆల్బంలో. గొప్ప ఏమిటంటే, ఏ పాటకూ ఆయన వేషం మార్చలేదు. జాజ్ పాడేటప్పుడు ఒక గొంతు, సోల్‌కు మరో గొంతు అంటూ లేదు. చర్చిలో నేర్చిన ఉద్వేగం, జాజ్‌లో నేర్చిన స్వేచ్ఛ రెండూ ప్రతి వరుసలో కలిసే ఉంటాయి. బహుముఖ ప్రజ్ఞ అనే మాటను చాలామందికి ఊరికే తగిలిస్తారు. పది రకాలు పాడడం వేరు, పదింటిలోనూ తానుగానే ఉండడం వేరు.

దీనికి మంచి సాక్ష్యం 1981 నాటి 'బ్రేకిన్ అవే'. 1982 గ్రామీ ఉత్సవంలో ఈ ఒక్క ఆల్బం పుణ్యాన ఉత్తమ పాప్ గాయకుడూ ఆయనే, ఉత్తమ జాజ్ గాయకుడూ ఆయనే. పాప్ బహుమతి ఆల్బంకు, జాజ్ బహుమతి అందులోని 'బ్లూ రాండో ఎ లా టర్క్' పాటకు. 1993లో 'హెవెన్ అండ్ ఎర్త్' ఆల్బంకు ఆర్ అండ్ బి (సోల్ కూడా ఇందులోకే వస్తుంది) గాత్రం బహుమతి కూడా రావడంతో మూడు అరలూ పూర్తయ్యాయి. మొత్తం మీద ఏడు గ్రామీలు.

ఆ 'బ్లూ రాండో' గురించి కొంచెం ఆగి చెప్పాలి, తాళం తెలిసినవాళ్లకు ఇది పండగ. ఇదీ బ్రూబెక్‌దే, 'టేక్ ఫైవ్' ఉన్న 1959 ఆల్బంలోదే. టర్కీ వీధి సంగీతకారుల దగ్గర విన్న లయ నుంచి ఆయన దీన్ని కట్టారు. తొమ్మిది అక్షరాల నడక. మామూలుగా పాశ్చాత్యులు తొమ్మిదిని మూడు మూళ్లుగా విరుస్తారు. ఇక్కడ తక తక తక తకిట అని మూడు ఆవృత్తాలు సాగి, నాలుగోసారి మాత్రం తకిట తకిట తకిట. అదీ ఊపిరి తిప్పుకోనివ్వని వేగంలో. జారో ఈ పరుగుకు స్వయంగా సాహిత్యం రాసి, దాదాపు స్వరానికో అక్షరం చొప్పున కూర్చి పాడారు. చెయ్యి వేస్తూ వినండి. నాలుగో ఆవృత్తంలో విరుపు మారే చోట మొదట్లో అందరి చెయ్యీ తడబడుతుంది, ఆయన నాలుక మాత్రం తడబడదు. మధ్యలో పాట హాయిగా నాలుగు అక్షరాల బ్లూస్ నడకలోకి దిగినప్పుడు కలిగే ఊరట వర్ణించలేను.

ఇదే ఊపులో జాజ్ పియానిస్టు చిక్ కొరియా రచన 'స్పెయిన్'కు కూడా మాటలు చేర్చి 1980లో పాడారు. అది నాకు ఇంకా ఇష్టం.

అన్నీ మెచ్చుకుంటూ పోతే జవాబు నిజాయితీగా ఉండదు. 1980 నుంచి నిర్మాత జే గ్రేడన్ చేతిలో ఆయన రికార్డులు అద్దంలా నున్నబడ్డాయి. 'బ్రేకిన్ అవే'లో, 1983 నాటి 'జారో'లో ఆ నునుపు అందంగానే ఉంది. ఆ తర్వాతి కొన్ని ఆల్బంలలో సింథసైజర్ల హోరు ఎక్కువై, ఏ గాయకుడైనా పాడగలిగే పాటలు పాడారనిపిస్తుంది. జాజ్ ఛాందసులు ఆయన్ని అమ్ముడుపోయాడని తిట్టిపోసిన కాలం అదే. ఆ తిట్లు నాకు నచ్చవు గానీ, ఆ ఆల్బంలు తీసి వినాలనీ అనిపించదు. జనానికి బాగా చేరిన 'మూన్‌లైటింగ్' టీవీ ధారావాహిక పాట కూడా ఆ రోజుల్లోదే. దానికి సాహిత్యం ఆయనదే. 1985లో ఆఫ్రికా కరువు సహాయం కోసం తారలంతా కలిసి పాడిన 'వి ఆర్ ద వరల్డ్'లోనూ ఒక వరుస ఆయన గొంతులో ఉంటుంది.

తొంభైల్లో మళ్లీ దారికి వచ్చారు. 1996లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రం బ్రాడ్‌వేలో 'గ్రీజ్' సంగీత నాటకంలో వేషం కట్టారు, అది సరదా ముచ్చట. 2006లో గిటారిస్టు జార్జ్ బెన్సన్‌తో చేసిన 'గివిన్ ఇట్ అప్' మాత్రం వదలకూడనిది. అందులో ఒక చిలిపి పని చేశారు: బెన్సన్ వాద్యంగా ప్రసిద్ధి చేసిన 'బ్రీజిన్'కు మాటలు పెట్టి జారో పాడారు, జారో పాడి ప్రసిద్ధి చేసిన 'మార్నిన్'ను బెన్సన్ గిటారు మీద వాయించారు. ఆ రెండోదానికి పాప్ వాద్య విభాగంలో గ్రామీ వచ్చింది. జీవితమంతా నోటితో వాద్యాలు వాయించిన మనిషికి చివరికి వాద్యకారుల బహుమతిలోనూ వాటా దొరికిందన్నమాట.

హాఫ్ నోట్ నాటి స్నేహితుడు జార్జ్ డ్యూక్ 2013లో పోయాక, 2014లో అతని పాటలతో ఒక ఆల్బం చేశారు. ఆరోగ్యం సహకరించక 2017 ఫిబ్రవరిలో ఇక పర్యటనలు చేయనని ప్రకటించిన కొద్దిరోజులకే, ఆ నెల 12న లాస్ ఏంజిలెస్‌లో కన్నుమూశారు. అదే రోజు అదే నగరంలో ఆ ఏటి గ్రామీ ఉత్సవం జరిగింది.

వినే వరుస అడిగారు కాబట్టి: ముందు 1977 'టేక్ ఫైవ్', దొరికితే హాంబర్గ్ కచేరీ వీడియో కూడా, ఎందుకంటే ఆ చేతులు, ఆ ముఖం చూడాలి. తర్వాత 'స్పెయిన్', 'బ్లూ రాండో'. అప్పుడు మొదటి ఆల్బం మొత్తం, నింపాదిగా. ఆ తర్వాత 'వియ్ ఆర్ ఇన్ దిస్ లవ్ టుగెదర్' పెట్టుకోండి. పల్లవి మధ్యలో మాటల కింద ఆయన చేసే చిన్న చిన్న లయ విన్యాసాలు అప్పుడు వినపడతాయి. 1994 నాటి 'టెండర్‌నెస్'ను రాత్రిపూటకు ఉంచుకోండి. ఆహూతుల ముందు పాడించి రికార్డు చేశారు, నిర్మాత బాసిస్టు మార్కస్ మిల్లర్. బాస్ బాగా పలికే ఇయర్‌ఫోన్లు ఉండాలి, ఫోను స్పీకరులో వింటే సగం పోతుంది.